ఖర్చు లేని కాపలా

మా అన్న ఇంతవరకు ఇల్లు కట్టలేదు. కట్టబోయే ఇంటిని పైసా ఖర్చు లేకుండా చూసుకోవడంలో మాత్రం చిత్తూరు మొత్తంలో తనను మించినవాడు లేడని ఆయన నమ్మకం. ఆ నమ్మకం వల్ల మా కుటుంబానికి జరిగింది చెబితే తిరుపతిలో మా పక్కింటివాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు.

చిత్తూరులో మా నాయన కట్టించిన మిద్దె ఇల్లు ఒకటి ఉంది. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోయి మునిసిపాలిటీవాళ్ళు దాన్ని పల్లంలో పడేశారు. వానొస్తే వీధిలోని నీళ్ళన్నీ మా నడింట్లోకే. అమ్మా నాయనా పోయాక, అద్దెకున్నవాళ్ళను ఖాళీ చేయించి, పాతదాన్ని కూలగొట్టి, అదే స్థలంలో ముగ్గురికీ మూడు వాటాలతో కొత్తది కట్టుకుందామని అనుకున్నాము. నిజం చెప్పాలంటే నాకూ అన్నకూ అది అవసరం కాదు. నేను తిరుపతిలో మా ఇంట్లో ఉన్నాను. అన్నకు చిత్తూరులోనే ఫ్లాటు ఉంది. అవసరమంతా అక్కది.

అక్క మా ముగ్గురిలో పెద్దది. చిన్నప్పుడే పోలియో వచ్చి ఒక కాలు చచ్చుబడింది. జాకెట్లు కుట్టి తన బతుకు తాను బతుకుతోంది. ఆమెకు అద్దెకు దొరికిన గది మేడ మీద. మెట్లెక్కాలంటే కూర్చుని, చేతులు వెనక్కి ఆనించి, ఒక్కో మెట్టు మీదికి జరుపుకుంటూ పోవాలి. దిగడమూ అంతే. కొత్త ఇంట్లో కింద, వీధి వైపు మూలగది అక్కకని మొదటి ప్లానులోనే గీయించాము. మెట్టు లేదు, గడప లేదు, నేరుగా వీధిలోకి తలుపు. ఆ గది కోసం ఆమె ఎదురు చూసినంతగా పెళ్ళికూతుళ్ళు కూడా ముహూర్తం కోసం ఎదురు చూడరు.

కూలగొట్టడం వెంటనే కుదరలేదు. మామిడి సీజను. కూలీలందరూ బంగారుపాళ్యం తట్టు గుజ్జు ఫ్యాక్టరీల్లో ఉంటే, మా మేస్త్రి ఒక్కడే వచ్చి గోడలకేసి చూసి పోయేవాడు. సీజను అయ్యాక ఆషాఢం. ఆషాఢం అయ్యాక ప్లానుకు ఆఫీసులో సంతకం పడలేదు. అలా ఇల్లు ఖాళీగా పడి ఉండగా, దాన్ని చూసుకునే భారం అన్న తన మీద వేసుకున్నాడు. సహకార బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. చేయడానికి వేరే పనేమీ లేదు.

మొదట కరెంటు తీయించేశాడు. వాడని కరెంటుకు బిల్లెందుకని. ఇల్లు కట్టేటప్పుడు మోటారు దేనితో తిరుగుతుందని నేను అడిగితే, ఆడవాళ్ళకు ఇవన్నీ అర్థం కావని చెప్పాడు. తర్వాత, ఇంట్లో మనుషులున్నట్టు కనబడాలని నాయన పాత చెప్పుల జత వాకిట్లో పెట్టాడు. అందులో ఒకదాన్ని కుక్క ఎత్తుకుపోయింది. రెండోది అలాగే ఉంచాడు. ఒంటికాలి మనిషి కాపురముంటున్నాడని దొంగలు అనుకోవాలేమో!

అప్పుడే అక్క అడిగింది. "కూలగొట్టేదాకా నేను ఆడ ఉంటానురా. నాకా మెట్లు తప్పుతాయి, ఇంటికి మనిషి తోడున్నట్టు ఉంటుంది" అని. అంతకంటే చవకైన కాపలా ఏ ఊళ్ళో దొరుకుతుంది? కానీ అక్క ఉంటే కరెంటు మళ్ళీ పెట్టించాలి, కొళాయి బాగు చేయించాలి. "రేపో మాపో పడగొట్టే ఇంటికి ఇవన్నీ ఎందుకక్కా, గమ్మునుండు" అన్నాడు. ఆయన ఇంట్లో మాత్రం మూడు గదుల్లో ఏసీలు తిరుగుతుంటాయి. వాటి బిల్లు గురించి మేమెవరమూ ఎప్పుడూ అడగలేదు.

మనిషి లేని ఇంట్లో జరిగేది జరిగింది. ఎవడో కిటికీ ఇనుప చువ్వలు కోసుకుపోయాడు. అన్నకు రెండు రోజులు అన్నం సహించలేదని వదిన ఫోనులో చెప్పింది. మూడో రోజు ఆయనే ఫోను చేశాడు. గొంతులో సంతోషం పొంగుతోంది.

"ఒగ ఉపాయం చేసినానమ్మా. వాచ్‌మన్ను పెట్టినా ఇంత కాపలా కాయడు" అన్నాడు.

ఆ ఉపాయం ఇదీ. ఊడ్చేవాళ్ళు లేక, వీధి వైపు కాంపౌండు గోడ మూలలో చెదపుట్ట ఒకటి లేచింది. అన్న టీ అంగడికి పోయి, ఆ పుట్టలో నాగుపాము ఉందని చెప్పాడు. పడగ చేటంత ఉందన్నాడు. నాయన కాలం నుంచీ ఉందన్నాడు. "మంచోళ్ళను ఏమీ చెయ్యదు. దొంగ బుద్ధితో వచ్చినోణ్ణి మాత్రం వదలదు" అని కూడా కలిపాడు. బ్యాంకులో ఇన్నేళ్ళు పనిచేసిన మనిషికి అంత కథ అల్లడం ఎలా వచ్చిందో నాకు తెలియదు. బహుశా అక్కడే నేర్చుకుని ఉంటాడు.

దొంగలు నిజంగానే రాలేదు. వాళ్ళకు బదులు భక్తులు వచ్చారు.

ముందు పక్కవీధి ఆవిడ ఒక శుక్రవారం పుట్టకు పసుపు కుంకుమ పెట్టి పోయింది. తర్వాతి వారం నలుగురు. నాగుల చవితికి వీధంతా లైను కట్టింది. పాలు పోసి పోసి ఆ మూలంతా పుల్ల కంపు. కోడిగుడ్లు, చిమ్మిలి, చీమలు. సంతానం లేని ఎవరికో మొక్కుకోగానే నెల తప్పిందని ఒక పుకారు పలమనేరు దాకా పోయింది. వీధిలోని పెద్దమనుషులు చందాలెత్తి పుట్ట చుట్టూ సిమెంటు దిమ్మె కట్టారు, పైన రేకులు వేశారు, మైకు పెట్టారు. వీధి దీపం కాలిపోతే ఏడాదైనా పట్టించుకోని మనుషులు వీళ్ళు. మైకును మాత్రం వారంలో అమర్చుకున్నారు. అంతమందిలో ఒక్కరైనా, ఆ పామును నీవు చూశావా అని పక్కవాళ్ళను అడగలేదు. అడిగితే తాము చూడలేదని ఒప్పుకోవాలి కదా.

అన్న మొదట మురిసిపోయాడు. ఊరంతా కలిసి తన ఇంటికి ఊరికే కాపలా కాస్తోందని లెక్క. కొన్నాళ్ళకు నేను చిత్తూరు పోయి చూస్తే, ఆయన గేటు దగ్గర చెప్పులు విడిచి, పుట్ట ముందు కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాడు. "ఇదేంది?" అన్నాను. "ఏమో, ఉంటే ఉండొచ్చు కదమ్మా" అన్నాడు. తన నోటితో పుట్టించిన పాముకు తానే దండం పెట్టిన మనిషిని నేను మా అన్నలోనే చూశాను.

చివరికి ప్లాను మీద సంతకం పడింది. మేస్త్రి జేసీబీ తెచ్చాడు. డ్రైవరు దిగి, ఆ రేకుల పందిరిని చూసి, చేతులు జోడించాడు.

"ఈ మూల నేను తాకను సార్. నాకు పిల్లలుండారు."

ఇంకొకణ్ణి పిలిచారు. వాడూ అంతే. ఆ మూల జోలికి పోతే ఊరుకోమని వీధిలోవాళ్ళు అన్నకే బెదిరింపు. పాము లేదని ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ అబద్ధం చెప్పానని టీ అంగడి ముందు ఒప్పుకోవడం కన్నా, ఇల్లు చిన్నది చేసుకోవడమే ఆయనకు సులువుగా తోచింది. ఆ మూలను వదిలేసి కొత్త ప్లాను గీయించాడు. వదిలేసింది అక్క గది. అక్కకు మేడ మీద వాటా.

"మేడ మీద గాలి బాగుంటుంది. లిఫ్టు సంగతి మెల్లిగా చూద్దాం" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు నా ముఖంలోకి చూశాడు గానీ, అక్క ముఖంలోకి చూడలేకపోయాడు. నాకు ఆయన మీద కోపం కూడా రాలేదు. అసహ్యం వేసింది.

తర్వాతి శుక్రవారం, పుట్ట దగ్గర పూజ జోరుగా సాగుతుండగా, ఒక ఆటో వచ్చి ఆగింది. నేనూ అందులోనే ఉన్నాను. అక్క కుట్టుమిషను, ట్రంకుపెట్టె, స్టవ్వు, అన్నీ అందులోనే. ఆమె కర్ర ఆనించుకుని దిగింది. రోడ్డు నుంచి ఇంట్లోకి ఎక్కడా మెట్టు లేదు. పల్లంలో పడ్డ ఇల్లు ఆమె కాలికి సరిగ్గా సరిపోయింది. కొంగు ముడి విప్పి, అమ్మ దగ్గరుండిన రెండో తాళంచెవి తీసింది.

అన్న పందిరి కింది నుంచి పరుగున వచ్చాడు. "యాడికక్కా? లోపలికి పోవద్దు!"

"ఏం? ఎందుకు?"

ఆడవాళ్ళందరూ పాట ఆపేసి ఇటే చూస్తున్నారు. అన్న వాళ్ళను చూశాడు, నన్ను చూశాడు. గొంతు తగ్గించి, "పాముండాది కదక్కా" అన్నాడు.

"నువ్వు సూసినావా?"

అన్న పందిరి వైపు తల తిప్పుకున్నాడు.

"అందరూ ఇనేటట్టు చెప్పురా. సూసినావా లేదా?"

ఆయన ఎలా తప్పించుకుంటాడోనని చూస్తున్నాను. "సూసినాను" అన్నాడు.

"నిన్ను ఏమన్నా చేసిందా?"

"లేదు."

"దొంగ బుద్ధితో వచ్చినోళ్ళనే కదా అది కరిచేది. నువ్వు చెప్పిన మాటేలే. నేను మా నాయన ఇంటికి వచ్చినాను. మరి నాకేం భయం?" అని అక్క అన్నను కాళ్ళ నుంచి తల దాకా చూసింది. "ఈ ఇంటి మూల ఎవరు కాజేసినారో దానికి తెలుసులే. జాగ్రత్తగా ఉండాల్సింది నువ్వు."

అన్న అసంకల్పితంగా ఒక అడుగు వెనక్కి వేసి పుట్ట వైపు చూశాడు. పాము లేదని అందరికన్నా బాగా తెలిసినవాడు ఆయనే. ఆయనే భయపడ్డాడు. పూజ చేస్తున్న ఒక పెద్దావిడ, "పోనీ నాయనా, ఆ తల్లే కాపాడుతుంది" అంటూ అక్క పెట్టె అందుకుంది. ఇద్దరు అమ్మాయిలు మిషను మోసుకొచ్చారు. అక్క తాళం తీసి లోపలికి నడిచింది.

వారం తిరక్కుండా కరెంటు వచ్చింది. దరఖాస్తు పెట్టి, ఆఫీసు చుట్టూ తిరిగి, కట్టవలసిందంతా కట్టింది అన్నే. ఎందుకంత తొందరపడ్డాడని ఎవరూ అడగలేదు. ఇప్పుడు పూజకు వచ్చే ఆడవాళ్ళు జాకెట్టు గుడ్డలు కూడా తెస్తున్నారు. వానొస్తే అక్క మిషనును మంచం మీదికి ఎత్తుకుని, తగ్గేదాకా కుడుతూనే ఉంటుంది.

మా అన్న మూడో ప్లాను గీయిస్తున్నాడట. అందులో తన గది కింద ఉంటేనే ఇల్లు ఖాళీ చేసి తాళంచెవి ఇస్తానని అక్క ఆయనకు చెప్పి పంపింది. ఆమె ఆ అద్దె మేడ దిగి వచ్చాక మళ్ళీ మెట్టెక్కలేదు.