మొగ్గ విచ్చకముందు

బేసింగ్‌స్టోక్‌లో ఏడుంపావు రైలెక్కాను. వేర్‌హామ్ వెళ్లాలనుకునేవాళ్లకు ముందే చెబుతున్నాను. రైలు మారే పని లేదు, రెండు గంటల్లో చేరతారు. కానీ ఆదివారం స్టేషన్ బయట బస్సు కోసం చూస్తే చూస్తూనే ఉండాలి. టాక్సీ ముందురోజే చెప్పుకోండి.

నేను వెళ్తున్నది పురుగులు వెతకడానికి. పెళ్లికి ముందు ప్రత్తిపాడు దగ్గర పత్తి చేలల్లో నా ఉద్యోగం అదే. పెళ్లయి ఈ దేశం వచ్చాక ఐదేళ్లుగా వంట, పాప స్కూలు తప్ప మరో పని ఎరగను. మార్గరెట్ అనే పెద్దావిడ తన బ్లూబెర్రీ తోటకు పురుగు చూసే మనిషి కావాలని ప్రకటన ఇస్తే ఫోన్ చేశాను. "మా ఆయన టామ్ తోటంతా చూశాడు, ఏమీ లేదు. అయినా ఇంకొకరు చూస్తే మంచిది" అంది. ఈ ఏడు కాపు పోతే తోట అమ్మేయక తప్పదని కూడా చెప్పింది.

సౌతాంప్టన్‌లో ఎక్కిన వరంగల్ అమ్మాయి ముసలివాళ్లను చూసుకునే కేర్ హోమ్‌లో షిఫ్ట్‌కు పోతోంది. నా పని విని నవ్వింది. "పురుగులే నయమక్కా, మా మేనేజర్ లెక్క రోజుకోసారి డ్యూటీల రోటా మార్చవు" అంది. నా పులిహోరలో సగం తిని బోర్న్‌మత్‌లో దిగిపోయింది. ఆ తర్వాత పెట్టెలో నేనొక్కదాన్నే, కిటికీ బయట పొగమంచు.

తొమ్మిదిన్నరకు తోట చేరాను. మార్గరెట్ మోకాళ్ల దాకా దిగే మగవాళ్ల కోటు వేసుకుని ఎదురొచ్చింది. షెడ్డులో మూసిన అట్టపెట్టెలు, వాటిలో పూత పిందె కట్టడానికి తెప్పించిన బంబుల్ తేనెటీగలు. షెడ్డంతా సన్నటి రొద. రెండు గంటలకు వాటిని తోటలో వదలాలని ఆవిడ ఏర్పాటు. వదిలాక మందు కొడితే అవి చస్తాయి.

మంచులో కొమ్మల నిండా బొద్దు మొగ్గలు. ఒక్క పిట్టా అరవడం లేదు. గట్టు మీది ఓక్ చెట్ల వైపు నడుస్తుంటే మొహానికేదో తగిలింది. తుడుచుకున్నాను. మళ్లీ తగిలింది. కంటికి ఆనని దారాలు. వాటిని పట్టుకుని ఓక్ చెట్ల నుంచి గాలికి ఎగిరొచ్చేవి గొంగళి పురుగు పిల్లలేనని నాకు తెలుసు.

మార్గరెట్ కొమ్మ కింద తెల్ల పళ్లెం పట్టి కర్రతో మూడుసార్లు కొట్టింది. పళ్లెంలో ఒక్క పురుగూ రాలలేదు. టామ్‌గారితో ఒకసారి మాట్లాడతానన్నాను.

"జనవరిలో పోయాడు" అంది.

మరి తోట చూసిందెవరు? ఆయన కోటుతో, ఆయన పళ్లెంతో, ఆయన తిరిగే వరుసల్లో ఆవిడే తిరిగిందట. "నడిచేది నేనైనా చూసేది ఆయనే" అంది, ఆ మాటకు అర్థం అడగాల్సిన పనే లేనట్టు. 

పిందెను వేలు చాపి చూపిస్తేనే రాలిపోతుందని మా అమ్మమ్మ తిట్టేది. నేను మొగ్గను బొటనవేలి గోటితో చీల్చాను. పైకి నిండుగా ఉన్నది లోపల డొల్ల. మధ్యలో వెంట్రుకంత పచ్చపురుగు, తన చుట్టూ దారం కట్టుకుని. రెండోదీ అంతే, మూడోదీ అంతే. మొగ్గలో దాగిన పురుగు కొడితే రాలదు. ఎండ తగిలి మొగ్గ వదులవగానే మందు కొట్టాలని, ఆ మందు ఘాటు పోయేదాకా పెట్టెలు తెరవొద్దని చెప్పాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని గోరు చూసింది. "ఏటా ఏప్రిల్లో ఆయన గోరూ ఇలాగే పచ్చగా ఉండేది. ఎందుకని ఒక్కసారీ అడగలేదు."

చాలాసేపు వదల్లేదు.

తర్వాత షెడ్డులోకెళ్లి ఒక పెట్టె ముందు మోకరిల్లింది. ఇంట్లో మనిషి పోతే తేనెటీగలకు చెప్పడం అక్కడి పాత అలవాటట. జనవరిలో చెబుదామంటే పెట్టెలు లేవు. "టామ్ లేడు. మీరు కొన్నాళ్లు ఆగండి" అంది మెల్లగా. రొద ఆగింది. నిజంగా ఆగిందో, నాకే అలా అనిపించిందో ఇప్పటికీ చెప్పలేను.

నాలుగున్నర రైల్లో తిరుగు ప్రయాణం. అలాంటి తోటకు వెళ్లేవాళ్లు గ్లవ్స్ పట్టుకెళ్లాలని రాద్దామనుకున్నాను. గోరు చూసుకుని మానేశాను. సౌతాంప్టన్ దాటాక మార్గరెట్ మెసేజ్ వచ్చింది.

"గట్టు పక్క వరుసలో ఇరవై మొగ్గలు చీల్చాను. ఈసారి చూసింది నేనే."