కాటా మీద నాన్న

మిర్చి తూచే కాటా మా ఇంటి వసారాలో ఉండేది. నాన్న అడవి అంచు గూడేల దాకా తిరిగి మిర్చి కొని ఖమ్మం పంపేవాడు. పేగులో గడ్డ అని తేలి, హైదరాబాదులో ఆపరేషన్ చేయించుకుని, గడ్డకు కరెంటు (రేడియేషన్) పెట్టించుకుని వచ్చాక, ప్రతి ఆదివారం బస్తాల బదులు తనే ఆ కాటా ఎక్కడం మొదలుపెట్టాడు.

అప్పటికే చేతి గడియారం మణికట్టు దగ్గర ఆగేది కాదు. చెయ్యి ఎత్తితే మోచేతి దాకా జారేది. తింటున్నా చిక్కిపోతున్నాడు. అదే నాకు అంతుపట్టలేదు. తినకపోతే చిక్కుతారు, సరే. తిన్నది ఎటు పోతున్నట్టు?

ఎనభైల చివర, నేను ఖమ్మంలో డిగ్రీ చదువుతున్న రోజులవి. నోరు తెరిచి ఎవరినీ ఏమీ అడగలేను కనుక సందేహాలన్నీ లైబ్రరీకి మోసుకెళ్ళేదాన్ని. అక్కడ పాత ఇంగ్లీషు పత్రిక ఒకదానిలో క్యాన్సర్ గురించిన వ్యాసం దొరికింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. గడ్డ చక్కెరను విపరీతంగా వాడుకుంటుందట. అన్నమైనా, పండైనా లోపలికి వెళ్ళాక చక్కెరే. అవి బాగా తగ్గించి కొవ్వు ఎక్కువగా పెడితే ఒళ్ళు ఆ కొవ్వు నుంచే మరో రకం ఇంధనం చేసుకుంటుందట. అది గడ్డకు అంతగా పనికిరాకపోవచ్చట. చిక్కిపోతున్న కొద్దిమందికి అలా పెట్టి చూస్తే కొందరి బరువు నిలిచిందట. గడ్డ తగ్గుతుందో లేదో ఇంకా తెలియదట. రాత్రికి డైరీలో అంతా ఎక్కించాను. ఎన్నిసార్లు చదివినా ఆశపడాలో వద్దో తేలలేదు.

అమ్మకు ఇది తలకిందుల వ్యవహారం. మా ఇళ్ళలో పథ్యం అంటే నూనె, నెయ్యి మాన్పించి జావ, మెత్తటి అన్నం, చారు పెట్టడం. నేను చెప్పింది అన్నం మాన్పించి నెయ్యి పెట్టమని.

"జరమొస్తేనే నెయ్యి ముట్టనియ్యం. గింత జబ్బుకు నెయ్యా? ఎవరు చెప్పిన్రే నీకు?"

"పుస్తకంలో ఉందమ్మా."

"పుస్తకం మీ నాన్నను చూసిందా?"

నాన్నే అడ్డుపడ్డాడు. "పెట్టి చూడరాదే? జావ తాగి తాగి నోరు చచ్చింది. బిడ్డ నెయ్యి అంటున్నది, విషమంటలేదు కదా."

అలా నేతిలో గుడ్లు, కొవ్వుతో వండిన మేకమాంసం, మీగడ మొదలయ్యాయి. కొన్ని పూటలు తిన్నాడు. కొన్ని పూటలు వాసనకే మొహం తిప్పుకున్నాడు. కూర వడ్డించగానే ఆయన వేళ్ళు కలుపుకోవడానికి అన్నం కోసం పళ్ళెమంతా వెతికేవి. అది చూసినప్పుడల్లా నేను వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

ఓ రోజు మేనత్త వచ్చింది, బత్తాయిలు, గ్లూకోజు డబ్బా పట్టుకుని. రోగిని చూడడానికి ఉత్త చేతులతో ఎవరూ రారు. తెచ్చింది తమ కళ్ళ ముందే తినిపించి గాని కదలరు.

"ఏందే మరదలా, మా తమ్మునికి అన్నం పెడ్తలేవంట? ఊరంత చెప్పుకుంటున్రు."

"నన్నంటవేంది వదినా? నీ మేనకోడల్ని అడుగు."

"ఏమే డాక్టరమ్మా, ఎండబెట్టి సంపుతవా మీ నాయనను?"

"అన్నం తిన్నప్పుడు మాత్రం బలిసిన్నా అక్కా?" అని నాన్న నవ్వాడు. నవ్వుతూనే ఆమె కలిపిచ్చిన గ్లూకోజు గ్లాసెడు తాగేశాడు. అక్క చేతి నుంచి వద్దనడం ఆయనకు చేతకాదు. నేను తలుపు పక్కన నిలబడి ఆ గ్లాసు ఖాళీ అవడం చూశాను. అది తాగుతున్నది నాన్నా, గడ్డా? తాగాక ఆయన మొహం కాస్త తేటపడింది కూడా. ఇక ఏమనుకోవాలి?

అయినా కాటా మీద బరువు తగ్గడం ఆగింది. తర్వాత కొంచెం పెరిగింది. "చూసినవా, కాటా నిలబెట్టింది నా బిడ్డ!" అని నాన్న వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. అమ్మ నెయ్యి ఇంకో గరిటె వేసింది.

కొత్తగూడెంలో డాక్టరుకు కూడా నాన్నే గొప్పగా చెప్పాడు. డాక్టరు అంతా విని, ఆయన పంచె కాస్త పైకి జరిపి, కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కి పట్టుకున్నాడు. వేలు తీశాక కూడా ఆ గుంట అలాగే ఉండిపోయింది.

"నీరు పట్టింది. కండ తగ్గుతూనే ఉంది. ఆ లోటు కాటా మీద నీరు కప్పేసింది" అన్నాడు.

"అయితే నెయ్యి పనిచెయ్యనట్టేనా సార్?" అని అమ్మ అడిగింది. నేను అడగాల్సిన మాట అది.

"చెప్పలేనమ్మా. అది పెట్టకపోతే ఇంకా చిక్కేవాడేమో. పెట్టినా పెట్టకపోయినా ఇంతేనేమో. మాకూ తెలియదు. ఆయనకు ఏది సయిస్తే అది పెట్టండి. గుడ్లు మాత్రం మానొద్దు."

బస్సులో నాన్న కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు కదిలాక నా వైపు తిరిగి, "బరువు కోసం నీళ్ళు కొట్టిన మిర్చి తూకమైంది బిడ్డా నాది. బస్తాల చెయ్యి పెడితే తేమ పట్టేటోన్ని, నా కాళ్ళల్ల నీరు నేను పట్టలే" అన్నాడు. ఆయన చేతి గడియారం పైకి జరిపి సరిచేశాను. మళ్ళీ జారింది.

ఆ సాయంత్రం అన్నం పెట్టమన్నాడు. "నెయ్యి గూడ ఎయ్యి. మీ అమ్మది, నీది, రెండూ తింట." ఆయన వేళ్ళు అన్నం కలుపుతుంటే అమ్మ ఎదురుగా కూర్చుని చూస్తూ ఉండిపోయింది.

ఆ తర్వాత ఆయన కాటా ఎక్కలేదు. కొత్త మిర్చి రాకముందే పోయాడు.

అలాంటి వ్యాసం ఎక్కడ కనబడినా ఇప్పటికీ చదువుతాను. ఇప్పటికీ "కావచ్చు" అనే ఉంటుంది. అమ్మను అడిగితే ఆ సాయంత్రం గురించే చెబుతుంది. "ఆ పూట కడుపునిండ తిన్నడు" అంటుంది. నాకు గుర్తున్నంతవరకు పళ్ళెంలో సగం మిగిలింది.