పురుటికి తోడు వెళ్లే వెర్లీన్

పురుడంటే ఆడదానికి పునర్జన్మ అంటారు. అమెరికాలో మిసిసిపీ డెల్టాలోని ఆ చిన్న ఊళ్లో రైలు పట్టాలకు అవతలుండే తెల్లవాళ్లకు అది మాటవరస. ఇవతలుండే నల్లవాళ్లకు అక్షరాలా నిజం. ఆసుపత్రి ఒకటే, డాక్టర్లూ వాళ్లే. అయినా బాలింతలూ పసికందులూ ఎక్కువగా పోయేది ఇవతలే. అందుకే ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపి రిటైరైన వెర్లీన్ టగ్‌వెల్, పురుళ్లకు తోడు వెళ్లడం పనిగా పెట్టుకుంది.

ఆమె పద్ధతులు ఆమెవి. చర్చికి పెట్టుకునే ఊదారంగు టోపీ లేనిదే ఆసుపత్రి గడప తొక్కదు. గర్భిణికీ ఇస్త్రీ గౌను తొడగాల్సిందే. నొప్పులు పడే పిల్లకు ముస్తాబేమిటని చెల్లెలు వేళాకోళమాడితే, నలిగిన బట్టల్లో వెళ్తే మన మాట వినే తీరిక వాళ్లకుండదని కసురుకుంది.

ఈసారి ఆమె తోడు వెళ్లిన డెనీషా అనే పిల్లకు పురుడు సాఫీగానే అయింది. మర్నాడు వెర్లీన్ కోడి పులుసు పట్టుకెళ్లేసరికి, ఆ పిల్ల వెలుతురు చూడలేక కణతలు నొక్కుకుంటోంది. దుప్పటి తొలగిస్తే పాదాలు బూరెల్లా పొంగి ఉన్నాయి. ఎలా ఉందని పట్టాల అవతలి నర్సు మూడుసార్లు అడిగిందట. మూడుసార్లూ ఈ పిల్ల, "దేవుడి దయవల్ల చల్లగా ఉన్నాను" అందట. పట్టాలకు ఇవతల పెరిగినవాళ్లు కాలు విరిగినా అదే అంటారు. ఏ బాధా లేదని నర్సు రాసుకుపోయింది.

"పిచ్చి మొహమా, ఆ మాట పాస్టరుగారికి చెప్పు. ఇక్కడ ఎక్కడ నొప్పో అది చెప్పాలి."

"సణిగినట్టుంటుందని ఊరుకున్నా ఆంటీ."

తలనొప్పీ, పాదాల వాపూ బీపీకి గుర్తులని తెలిసిన వెర్లీన్ వెంటనే గంట నొక్కి నర్సును పిలిచింది. పురుడయ్యాక తలనొప్పి మామూలేనని నర్సు మాత్ర ఇవ్వబోయింది. బీపీ చూసేదాకా కదలనని వెర్లీన్ గుమ్మానికడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. నర్సు విసుక్కుంటూనే చూసింది. నూట ఎనభై రెండు. డాక్టర్లు పరుగున వచ్చి మందెక్కించారు. ఇంకాస్త ఆలస్యమైతే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికొచ్చేదన్నారు.

గండం గడిచాక నర్సు కళ్లు తుడుచుకుంటూ, "నేను అడిగానండీ. బాగున్నానంది" అంది.

నాలుగు దులుపుదామనుకున్న వెర్లీన్, ఆ మొహం చూసి తగ్గింది.

"అడిగావమ్మా, కాదనను. మీ అక్క ఇలా మంచంలో ఉండి బాగున్నానంటే, నమ్మి వెళ్లిపోయేదానివా?"

నర్సు పక్క గదిలో ఉన్న మరో నల్ల బాలింత దగ్గరికి వెళ్లింది. ఏమీ అడగకుండానే దుప్పటి తొలగించి, ఆమె పాదాలు నొక్కి చూసింది.