అడుగుదొర కోసం నేరేడ్‌మెట్ దాకా

మా ఇంట్లో భోజనాల వేళకి అందరికంటే ఆఖరున వచ్చినవాళ్ళని "అడుగుదొర" అంటాం. అడుగుదొర వస్తే లోపలి గోడవైపు చోటు వదలాలి, మొదటి వడ్డన అతనికే జరగాలి. తెలుగువాళ్ళందరూ అనే మాటే అనుకుని కాలేజీ హాస్టల్లో ఒకసారి వాడి నవ్వులపాలయ్యాను. ఇంటికొచ్చి అడిగితే అమ్మ తాపీగా చెప్పింది, "అది మీ అమ్మమ్మ పుట్టించిన మాట. సముద్రం అడుగున ఉండే లోతూరిది" అని. కిందటేడు ఈ బ్లాగులో బందరు ప్రయాణం గురించి రాస్తూ సరదాకి ఆ మాట వాడాను. దాని కింద నేరేడ్‌మెట్ నుంచి సనా అనే అమ్మాయి వ్యాఖ్య పెట్టింది. "మేడమ్, ఈ మాట మా ఇంట్ల సుత ఉంది. మా నానీ అంటది. ఆఖరుకు వచ్చినోళ్ళు అడుగుదొర, వాళ్ళు ఏది అడిగితే అది ఇయ్యాలె. మీకెట్ల తెల్సు?" చిక్కుడుకాయలు ఒలుస్తున్న అమ్మకి అది చదివి వినిపించాను. "వాళ్ళ అమ్మమ్మ, ఆ నానీ పేరు జుబేదానేమో కనుక్కో" అంది తల ఎత్తకుండా. కనుక్కున్నాను. జుబేదానే. మేం సికింద్రాబాద్ బండెక్కడానికి కారణం ఇదే.

లోతూరు గురించి కాస్త చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మా అమ్మమ్మది బందరు. పెళ్ళయ్యాక లాలాగూడ రైల్వే క్వార్టర్సుకి వచ్చింది. తాతయ్య వర్క్‌షాపులో గుమాస్తా, ఆవిడ అక్కడి బడిలో టీచరు. నిజాం రాజ్యానికి సముద్రమే లేదు. అక్కడి పిల్లలకి సముద్రమంటే ఏమిటో చెప్పబోయి ఆవిడ ఏకంగా దాని అడుగున ఒక ఊరు కట్టేసింది. ఆ ఊరివాళ్ళు నడుం దాకా మనుషులు, అక్కణ్ణుంచి చేపలు. ఊళ్ళో మూడు వాడలు. పైన నురగవాడ, మధ్యలో నడిమివాడ, అట్టడుగున అడుగువాడ. మన దగ్గర పైవాళ్ళంటే గొప్ప, కిందివాళ్ళంటే లోకువ. లోతూరులో అంతా తలకిందులు. గాలాలు, వలలు పడేది పైనే కాబట్టి ఒంట్లో సత్తువ ఉన్నవాళ్ళంతా నురగవాడలో కాపలా కాయాలి. నాచుతో బట్టలు నేసేవాళ్ళు, చదువు చెప్పేవాళ్ళు, వలలో చిక్కినవాళ్ళని విడిపించేవాళ్ళు నడిమివాడలో ఉంటారు. ముసలివాళ్ళు, నిండు చూలాళ్ళు, జబ్బుపడ్డవాళ్ళు, కొత్తగా వచ్చినవాళ్ళు అడుగువాడలో. ఊరికి రాజు లేడు. అందరికంటే ఆఖరున ఎవరొస్తే వాళ్ళే అడుగుదొర. ఇంకొకరు వచ్చేదాకా దొరతనం వాళ్ళదే. నోటితో మాట్లాడటం మాత్రం నిషిద్ధం. మాట్లాడితే బుడగ పైకి పోతుంది, పడవలో ఉన్నవాడికి జాడ తెలిసిపోతుంది. అందుకని అన్నీ చేతి సైగలే.

ఇది ఊసుపోక అల్లిన కథ కాదని నాకు చాలా పెద్దయ్యాక తెలిసింది. పోలీసు చర్యకి ముందు రజాకార్ల భయంతో నల్లగొండ వైపు నుంచి పారిపోయి వచ్చిన ఒక రైతు కుటుంబం అమ్మమ్మ వాళ్ళ లోపలి గదిలో తలదాచుకుంది. వాళ్ళ పిల్లల్ని అల్లరి చెయ్యకుండా కూర్చోబెట్టడానికి పుట్టిందే మాటల్లేని ఆ ఊరు. ఆ రైతుకి దొర అన్న మాట చెవిన పడితే లేచి నిలబడే అలవాటట. తన చంటి కూతురే దొరై కూర్చుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదట పాపం. సైన్యం వచ్చి నిజాం లొంగిపోగానే వాళ్ళు ఊరికి వెళ్ళిపోయారు. భయం ఇప్పుడు ముస్లింల వంతైంది. బీదర్ వైపు నుంచి పారిపోయి వచ్చిన జుబేదా, నెలలు నిండిన ఆమె తల్లి అదే గదిలోకి వచ్చారు. తండ్రి ఎక్కడున్నాడో ఏమీ తెలియదు. పిల్లవాడు ఆ గదిలోనే పుట్టాడు, అమ్మమ్మే పురుడు పోసింది. లోతూరి కట్టు ప్రకారం ఆఖరున వచ్చినవాడు వాడే కాబట్టి, పేరైనా పెట్టకముందే అడుగుదొర అయిపోయాడు.

ఒకరోజు కర్రలు పట్టుకుని కొందరు గుమ్మంలోకి వచ్చి లోపల ఎవరున్నారని అడిగారు. గదిలో పెద్ద బట్టలపెట్టె వెనక, గోడవైపు, పసివాణ్ణి పొదువుకుని జుబేదా, ఆమె తల్లి. పెట్టెకి ఇవతల, అంటే నురగవాడలో, ఏడేళ్ళ మా అమ్మ. సరిగ్గా అప్పుడే పసివాడు ఏడుపు మొదలుపెట్టాడు. మా అమ్మ లోతూరి చట్టాన్ని గాలికొదిలేసి వాడి గొంతు వినపడకుండా గుక్కపట్టి ఏడ్చింది. "పిల్లకి ఒంట్లో బాలేదు" అంది అమ్మమ్మ. వాళ్ళు వెళ్ళిపోయారు. తర్వాత పసివాడికి జ్వరం తగిలి ఒళ్ళు కాలిపోసాగింది. ఓ తెల్లవారుజామున తండ్రి ఎలాగో ఆచూకీ పట్టుకుని జట్కాలో వచ్చి వాళ్ళని తీసుకుపోయాడు. అమ్మ నిద్రలో ఉంది. లేచి "పిల్లాడేడీ?" అని అడిగితే "ప్రభువు చేతుల్లో ఉన్నాడు" అంది అమ్మమ్మ. మా క్రైస్తవుల ఇళ్ళల్లో జబ్బుపడ్డవాళ్ళ గురించీ ఆ మాటే అంటారు, పోయినవాళ్ళ గురించీ ఆ మాటే అంటారు. ఏడేళ్ళ పిల్లకి రెండోసారి అడిగే ధైర్యం లేకపోయింది. తాతయ్యకి బదిలీ అయింది, అమ్మమ్మ ఎంతోకాలం బతకలేదు, అడగడానికి మనిషే లేకుండా పోయింది. ఆ పిల్లకి ఇప్పుడు ఎనభై నాలుగు. సనాతో ఫోన్లో మాట్లాడిన ప్రతిసారీ "ఆ సంగతి మాత్రం నువ్వెత్తకు, ఎదురుగా కూర్చుని నేనే అడుగుతా" అని నా నోరు కట్టేసింది.

కాకినాడ నుంచి రాత్రి బండి ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్‌లో దిగిపోవచ్చు. పెద్దవాళ్ళతో వెళ్తుంటే కింది బెర్తు కోసం టికెట్ ముందుగా తీసుకోండి. స్టేషన్లో పనులు జరుగుతున్నాయి, నడక ఎక్కువ, చక్రాల కుర్చీ అడగడానికి మొహమాటపడొద్దు. మా అమ్మ మొహమాటపడింది. బయటికి రావడానికే అరగంట పట్టింది, నాకు ఒళ్ళు మండింది. రెజిమెంటల్ బజార్ వైపు వెళ్ళి ఇడ్లీ తిని చాయ్ తాగాం, ఇద్దరికీ వంద రూపాయల లోపే. అమ్మ రెండో చాయ్ చెప్పింది. అది చల్లారేదాకా తాగలేదు. భయపడుతోందని అప్పటికిగాని నాకు వెలగలేదు. "ముందు లాలాగూడ చూసి వెళ్దామే" అంది. సరేనన్నాను.

ఆటో మాట్లాడాను. లాలాగూడలో ఆగి, అక్కణ్ణుంచి నేరేడ్‌మెట్‌కి, మొత్తం ఐదు వందలు. "లాలాగూడల ఏ గేటు కాడమ్మా?" అన్నాడు డ్రైవరు.

"గేటు గుర్తులేదు బాబూ. వర్క్‌షాపు సైరన్ వినపడేది మాకు" అంది అమ్మ.

"గిప్పుడు యాడ వినబడ్తది, గీ హారన్లల్ల! మీ సుట్టాలున్నరా ఆడ?"

"లేరయ్యా. మేమే ఉండేవాళ్ళం."

"గట్లైతే జెర నిదానంగ పోనిస్త, మంచిగ సూస్కోండ్రి" అని ఆయన నిజంగానే నడక వేగంతో పోనిచ్చాడు. వెనకాల బండ్లవాళ్ళు తిట్టినా పట్టించుకోలేదు. ఆయనకి ఇక్కడే దణ్ణం పెట్టుకుంటున్నాను. పాత క్వార్టర్సు కొన్ని ఉన్నాయి, కొన్నిచోట్ల కొత్తవి లేచాయి. అమ్మ ఒకదాని తర్వాత ఒకటిగా మూడిళ్ళు చూపించి మూడుసార్లూ "ఇదే" అంది. "మూడిళ్ళలో పెరిగావా ఏంటి?" అన్నాను. నవ్వలేదు. "ఏ ఇల్లయినా గది ఇంతే కదే. ఇంత గదిలో అంతమందిమి ఎలా పట్టాం?" అంది.

నేరేడ్‌మెట్ చేరేసరికి భోజనాల వేళయింది. గేటు దగ్గరే కుర్చీ వేసుకుని తెల్ల దుపట్టాలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. అమ్మ ఆటో దిగి ఇంకా చీర సర్దుకుంటోంది, ఆవిడ "సుగ్గూ!" అని కేకేసింది. మా అమ్మ పేరు సుగుణ. ఆమెని అలా పిలవడం నేనెప్పుడూ వినలేదు. జుబేదాగారికి చెవులు సరిగ్గా వినపడవు. అమ్మ మాట తడబడుతోంది. ఏంచేస్తారా అని చూస్తుంటే ఆవిడ అరచేయి బోర్లా పెట్టి మెల్లగా కిందికి దించింది. లోతూరి భాషలో "లోపలికి రండి" అనట! అమ్మ రెండు వేళ్ళు గెడ్డానికి ఆనించింది. "ఆకలేస్తోంది" అని. ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వారు. సనా ఫోన్ తీసి వీడియో పట్టబోయి, తను కూడా ఏడుస్తుండటంతో మానేసింది.

లోపల నేలమీద దస్తర్‌ఖాన్ పరిచి ఉంది. బగారా అన్నం, ఖట్టీ దాల్, వేయించిన మాంసం, దోసకాయ పచ్చడి. భుజాన తువ్వాలు, లుంగీ, తెల్ల గడ్డంతో ఒక వంటాయన వండటం, వడ్డించడం అన్నీ తనే చేస్తున్నాడు. ఇంట్లో అందరూ, జుబేదాగారితో సహా, "ఉస్తాద్" అనే పిలుస్తున్నారు. పెళ్ళిళ్ళకి వంట చేసేవాళ్ళని ఇక్కడ అలాగే అంటారు కనుక, మా కోసం మనిషిని పెట్టారనుకుని నేను సిగ్గుపడ్డాను. "తిను అక్కా, జెర దాల్ ఏస్కో, నీకోసమే పులుపు తగ్గించిన" అంటూ ఆయన అమ్మ కంచం ఖాళీ కానివ్వట్లేదు. అమ్మ మెతుకులు కెలుకుతోంది తప్ప తినట్లేదు.

అప్పుడు జుబేదాగారు అమ్మ మోకాలు తట్టి అన్నారు: "సుగ్గూ, ఈ ఇంటికి ఆఖరుకు వచ్చినదానివి నువ్వే. అడుగుదొరవు. ఏం గావాల్నో అడుగు!"

సనా రాసిన వ్యాఖ్య నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. అమ్మమ్మ అన్న అడుగు, సముద్రం అడుగు. వీళ్ళకి అప్పట్లో తెలుగు అంతంతమాత్రం. అడుగుదొర అంటే అడిగే హక్కున్న దొర అనుకున్నారు. అలా అనుకునే ఇన్నేళ్ళూ వచ్చినవాళ్ళకి అడిగిందల్లా ఇస్తూ వచ్చారు. ఎంత చక్కటి పొరపాటు!

అమ్మ కంచం పక్కకి జరిపింది. "జుబేదా, ఆ పసివాడు... దక్కాడా?" అంది.

జుబేదాగారికి వినపడలేదు. "హా? ఏందీ?" అన్నారు.

రెండోసారి అడగాల్సి వచ్చింది. నేను అందుకోబోయాను, అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. రెండు చేతులూ ఒడిలో కలిపి పసిబిడ్డని ఊపినట్టు ఊపింది. తర్వాత అరచేతులు ఖాళీగా పైకి తెరిచి చూపించింది.

జుబేదాగారు విస్తుపోయి చూసి, అంతలోనే పకపకా నవ్వారు. "అరే పాగల్! గప్పటి సంది నీ కంచంల అన్నం ఏస్తున్నదెవరనుకున్నవ్?"

ఉస్తాద్ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అమ్మ దగ్గరికి రమ్మని చెయ్యి ఊపింది. ఆయన వచ్చి ఎదురుగా మోకాళ్ళమీద కూర్చున్నాడు. అమ్మ ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని ఎడమ చేత్తో ఆయన నుదురు తాకి చూసింది. తర్వాత మెడ దగ్గర తాకి చూసింది. "చల్లగా ఉంది" అని మాత్రం అంది. ఆ ఒక్క మాటకి నేను ఇంక కూర్చోలేక లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడి ఏడ్చాను.

"నీ ఏడ్పు ముచ్చట జుబేదా ఆపా నాకు చిన్నప్పట్నుంచి చెప్తది అక్కా" అన్నాడాయన తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటూ. "గా సుగ్గు ఉన్నదో లేదోనని నేను సుత పరేషానైతుంటి. ఒకటడుగుతా, ఏమనుకోవు గద. గప్పుడు అడుగుదొరను నేనే, నా అడుగుడు గట్లనే ఉండిపోయింది. నేను ఏ దినం పుట్టిన? అమ్మీకి గా గడబిడల యాది లేకుండెను, ఆపాకు తెల్వదు. కార్డుల జనవరి ఫస్టు రాసిండ్రు, మా గల్లీల సగం మంది గదే దినం పుట్టిండ్రు."

అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఆదివారం. నిజాం లొంగిపోయాక వచ్చిన రెండో ఆదివారం. మా అమ్మ గుడికి వెళ్ళని ఆదివారం ఆవిడ బతుకు మొత్తంలో అదొక్కటే. ఎందుకు మానావని పాస్టరుగారి భార్య అడిగితే ఇంట్లో ఆరాధన చేశానంది. అబద్ధం చెప్పిందని నేను రోజంతా బెంగపెట్టుకున్నాను." సనా ఫోన్లో పాత క్యాలెండరు వెతికి తేదీ చదివింది, సెప్టెంబరు ఇరవై ఆరు అని. ఆయన ఇంకోసారి చదవమన్నాడు. తర్వాత తనే రెండుమూడుసార్లు పైకి అనుకుని, వంటింట్లోకి వెళ్ళి గోడమీద క్యాలెండరులో గుండ్రంగా గీత గీసుకుని వచ్చాడు.

తిరిగి వస్తుంటే అమ్మని అడిగాను, అడుగుదొరంటే అమ్మమ్మ అర్థం ఒప్పా, వాళ్ళ అర్థం ఒప్పా అని. "మా అమ్మది చోటిచ్చే దొరతనం, వాళ్ళది నోరిచ్చే దొరతనం. నాకు రెండూ కావలసివచ్చాయి" అంది. నేను చాలా ఊళ్ళు తిరిగాను, కోటలూ కొండలూ చూశాను, ఇంత రుణపడి ఏ ఊరి నుంచీ రాలేదు. సముద్రం మొహం ఎరగని ఊళ్ళో కూర్చుని సముద్రాన్ని కట్టిన అమ్మమ్మకి, మాట అర్థం కాకపోయినా పారేసుకోని జుబేదాగారికి, ఊరికే పోకుండా ఒక వ్యాఖ్య రాసిన సనాకి నా దణ్ణాలు. ఇక ప్రయాణానికి పనికొచ్చే సలహా ఒక్కటే. సికింద్రాబాద్‌కి సెప్టెంబరులో వెళ్ళేవాళ్ళు టికెట్లు బాగా ముందుగా తీసుకోండి, నిమజ్జనం రోజుల్లో బండ్లు కిటకిటలాడతాయి. మేం ఆ సాయంత్రం స్టేషన్లోనే తీసేసుకున్నాం. మనవలున్న ఉస్తాద్‌కి అది మొదటి పుట్టినరోజు మరి.