పక్కింటి నటుడికి మాట అందించిన రోజులు

పక్కింటి పెద్దాయన పోయారు. పొద్దున ఆఫీసు స్టాండప్ మీటింగ్‌లో ఉండగా ఆయన కూతురి మెసేజ్ వచ్చింది. వృద్ధుల హోమ్‌లో, నిద్రలోనే పోయారట. నా వంతు రాగానే మ్యూట్ తీసి, నా పనికి బ్లాకర్స్, అడ్డంకులు ఏమీ లేవని చెప్పి, మళ్ళీ మ్యూట్ పెట్టుకుని ఏడ్చాను.

ఆయన నటుడు. పేరు చెప్పినా మీకు తెలియదు. ముఖం చూస్తే మాత్రం ఎక్కడో చూశామే అంటారు. టీవీలో, సినిమాల్లో జడ్జి, పాస్టర్, రిటైరైన పోలీసు, మంచం మీద రోగి. ఎక్కువగా మొదటి పావుగంటలోనే చచ్చిపోయేవారు. చావడం మీద ఆయనకి గట్టి అభిప్రాయాలుండేవి. కళ్ళు మూస్తే నిద్రపోతున్నట్టుంటుంది, తెరిచే ఉంచాలి అనేవారు. శవంగా పడుకోవాల్సిన రోజున కడుపునిండా తినకూడదట, ఊపిరి పైకి తెలిసిపోతుందట. మా ఇంట్లో ఉప్మా తింటూ ఇవన్నీ చెప్పేవారు.

అయితే ఆయన ప్రాణమంతా నాటకాల్లోనే ఉండేది. అక్కడ ఆయన ఉద్యోగం అండర్‌స్టడీ. అంటే, అసలు నటుడికి ఒంట్లో బాగోకపోతే అతని బదులు వేదిక ఎక్కడానికి పాత్ర మొత్తం నేర్చుకుని, రోజూ మేకప్ గది పక్కన కూర్చునే మనిషి. షికాగోలో పెద్ద పెద్ద పాత్రలన్నీ ఆయనకి కంఠతా వచ్చు. వేదిక మీద చెప్పింది మాత్రం చాలా తక్కువ. “వాళ్ళందరూ గట్టి మనుషులు, ఒక్కడికీ సరైన జ్వరం రాలేదు” అని నవ్వేవారు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. జీవితమంతా ఇంకొకడి జ్వరం కోసం ఎదురుచూడటం ఏమిటి?

షికాగో పక్కన అరోరాలో మా టౌన్‌హోమ్‌కీ ఆయనదానికీ మధ్య ఒకటే గోడ. ఇక్కడి నటులు మాటలు బట్టీ పట్టేటప్పుడు ఎదురుగా ఎవరో ఒకరు స్క్రిప్టు పట్టుకుని మిగతా పాత్రల మాటలు అందిస్తారు. పెళ్ళయినప్పటి నుంచీ ఆ పని ఆయన భార్యే చేసేది. ఆవిడ పోయాక గోడకి చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఆ గోడకి ఇవతల నేను వర్క్ ఫ్రమ్ హోమ్. ఒకరోజు క్లయింట్ కాల్ మధ్యలో ఆయన అరుపులు మొదలయ్యేసరికి విసుగొచ్చి, వెళ్ళి తలుపు కొట్టాను. పోట్లాడటానికే వెళ్ళాను. ఆయన శ్రద్ధగా విని, సారీ చెప్పి, “నీకొక అరగంట ఖాళీ ఉందా?” అని స్క్రిప్టు నా చేతిలో పెట్టారు.

మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషులోనే. నాకు గుర్తున్నది మాత్రం నా భాషలో, అలాగే రాస్తున్నాను.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. తప్పు పట్టడమే నా వృత్తి. చిన్న మాట ఎగిరిపోయినా ఆపి, మళ్ళీ చెప్పించేదాన్ని. ఆయనకి అది భలే నచ్చింది. నన్ను బాస్ అని పిలవడం మొదలుపెట్టారు. నేనేదో భావం పెట్టి చదవబోతే మాత్రం చెయ్యెత్తి ఆపేసేవారు. “నువ్వు నటించకు. మాట అందించు, చాలు.” ఇంకో మాట కూడా అనేవారు: “మర్చిపోతే ఆగాలి. ఆగితే ఆలోచిస్తున్నాడనుకుంటారు. వెతుక్కుంటే పట్టేస్తారు.”

అలా సాగుతుండగా, ఇక అడిగేవాళ్ళు లేరనుకున్న వయసులో ఆయనకి ఒక చిన్న థియేటర్ ముఖ్యపాత్ర ఇచ్చింది. కొడుకు అమ్మేయబోతున్న దుకాణంలో బూట్లు బాగుచేసే ముసలాయన పాత్ర. రెండు గంటలూ ఆయన వేదిక దిగేది లేదు. ఆ కబురు చెప్పడానికి చెప్పులు కూడా వేసుకోకుండా మంచులో మా గుమ్మం దాకా వచ్చారు.

మొదటి అంకం బాగానే పట్టారు. రెండో అంకంలో మాటలు జారడం మొదలైంది. వయసు కదా అనుకున్నాను. ఒక మధ్యాహ్నం మా ఇంట్లో చదవడం ముగించి ఆయన తనింటికి వెళ్ళారు, నేను ఇంకా టీ కప్పులు కడగనేలేదు, మళ్ళీ తలుపు కొట్టారు. చేతిలో స్క్రిప్టు. “మొదలుపెడదామా బాస్?”

సింకులో రెండు కప్పులు ఆయనే చూశారు. మెల్లగా కుర్చీలో కూర్చున్నారు.

“ఎవరికీ చెప్పకు. తెలిస్తే పాత్ర తీసేస్తారు. ఈ ఒక్కటి పూర్తి చెయ్యనీ.”

“నేను చెప్పను సర్, మీరే చెప్పండి. వేదిక మీద పక్కవాళ్ళు కూడా ఉంటారు కదా” అన్నాను.

చెప్పారు. డైరెక్టర్ మంచి మనిషి. పాత్ర తీసెయ్యకుండా, ఆయన చెవిలో శనగగింజంత పరికరం పెట్టించింది. వెనక గదిలో ఒకరు మైకులో మాట అందిస్తే ఆయనకి మాత్రమే వినబడుతుంది. మొదట థియేటర్‌లో పనిచేసే అమ్మాయి చదివింది. ఆయన బిగుసుకుపోయారు. “ఎవరో పిల్ల నా చెవిలో పరిగెడుతోంది. నేను నేర్చుకున్నది ఆ గొంతుతో కాదు” అన్నారట. అలా నాకు ఫోన్ వచ్చింది.

మా ఆయన ఎగిరిపడ్డాడు. “నీకెందుకే ఈ తలనొప్పి? ఏదైనా తేడా వస్తే బ్లేమ్ నీ మీదకే కదా! వాలంటీర్ అని క్లియర్‌గా చెప్పు. రూపాయి తీసుకున్నా వీసా ఇష్యూ అవుద్ది.”

“ఎవరిస్తున్నారు రూపాయి? నువ్వు వీకెండ్ పిల్లని చూసుకో, చాలు.”

వేదికకి ఎదురుగా, జనం వెనక చిన్న అద్దాల గది. అక్కడ కూర్చుని గుసగుసగా చదివేదాన్ని. మాట కావాలంటే ఆయన బొటనవేలితో, వేషంలో కట్టుకున్న ఏప్రన్ అంచు తాకాలి. అది మా సంకేతం. తాకక ముందే అందిస్తే నటన చెడుతుంది, ఆలస్యమైతే మనిషే దారి తప్పుతాడు. నా ఒంగోలు ఇంగ్లీషు ఆయన చెవిలోకి వెళ్ళి, ఆయన నోట్లోంచి అంత అందంగా ఎలా వచ్చేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఒక ఆటలో, చనిపోయిన భార్య బూట్లకి పాలిష్ పెట్టే సీన్‌లో ఆయన పని ఆపేసి తలెత్తారు. “నువ్వు ఎక్కడినుంచి మాట్లాడుతున్నావు? నాకు కనబడటం లేదు” అన్నారు, పైకే. అది స్క్రిప్టులో లేదు. కొడుకు వేషం వేసినవాడి ముఖం పాలిపోయింది. జనం మాత్రం భార్యతో మాట్లాడుతున్నాడనుకుని ముక్కులు తుడుచుకుంటున్నారు. నేను మైకు దగ్గరికి లాక్కున్నాను.

“ఇక్కడే ఉన్నాను సర్. బూటు చేతిలోకి తీసుకోండి” అన్నాను.

తీసుకున్నారు. తర్వాతి మాట అందించాను. చెప్పారు.

ఆ రోజు డైరెక్టర్ ఇక ఆపేద్దామంది. ఈసారి ఆయనకే ఒక అండర్‌స్టడీ ఉన్నాడు, పాత్రంతా నేర్చుకుని ప్రతి ఆటకీ పక్కన కూర్చునేవాడు. పెద్దాయన అతని వైపు తిరిగారు. “నీకొక ఆట రావాలి. శనివారం నువ్వు చెయ్యి. ఆఖరి ఆదివారం నాకు వదిలెయ్యి” అన్నారు. అతను తల దించుకుని ఏడ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆట. మొదటి సీన్ నుంచే బొటనవేలు ఏప్రన్ వదల్లేదు. దాదాపు నాటకమంతా నేను చదివాను, నాటకమంతా ఆయన చెప్పారు. ఒక్క మాట పోలేదు. చివరికి హాలంతా లేచి నిలబడింది. ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగారు. జీవితమంతా ఎదురుచూసింది ఆయనకి దొరికిందని, నా కళ్ళతో చూశానని గర్వంగా అనిపించింది.

ఇంటికి నేనే డ్రైవ్ చేస్తున్నాను. పడమటి ఎండ సూటిగా మొహాన కొడుతోంది. వేళ్ళకంటిన పాలిష్ చూసుకుని, ఆయన అడిగారు. “ఎన్నింటికి వేదిక ఎక్కాలి బాస్?”

“అయిపోయింది సర్. మీరు చేసేశారు. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.”

ఆయన నావైపు తిరిగి మర్యాదగా నవ్వారు. ధైర్యం చెప్పడానికి వచ్చినవాళ్ళని చూసి నవ్వే నవ్వు అది. నమ్మలేదు.

“ఒకసారి మొదటినుంచి చూసుకుందాం. పిలిస్తే సిద్ధంగా ఉండాలి కదా” అన్నారు.

సీటులో నిటారుగా కూర్చుని, గొంతు సవరించుకుని, ముసలాయన మొదటి మాట చెప్పారు. నేను రోడ్డు మీంచి చూపు తిప్పకుండా కొడుకు మాట అందించాను.