మధ్యవేలికి పట్టిన ఉంగరం

ఆవిడను ఫ్యాక్టరీలో అందరూ ఫర్నేస్ అక్క అంటారు. పంపుల్లో వాడే పింగాణీ రింగులను కాల్చి గట్టిపరచడం ఇరవై రెండేళ్లుగా ఆవిడ పని. పొడిని నొక్కి అచ్చులోంచి తీసినప్పుడు రింగు సుద్దముక్కలా ఉంటుంది; గోరు తగిలినా రాలుతుంది. రోజున్నర పాటు మెల్లగా వేడి పెంచితే రేణువులు ఒకదానికొకటి అతుక్కుని, మధ్య ఖాళీలు పూడిపోయి, రింగు ఐదో వంతు కుంచించుకుపోతుంది. ఆ తర్వాత ఉక్కు కూడా దానిమీద గీత పెట్టలేదు.

ఆ లెక్క ఆవిడ తలకెక్కిపోయింది. ఒకసారి లావైన తోడికోడలిని చూసి, "ఫర్నేసులో పెడితే ఐదో వంతు తగ్గుతావు" అని నోరుజారి, ఆరు నెలలు మాటల్లేకుండా చేసుకుంది.

ముప్పయ్యో పెళ్లిరోజుకు ఇంజినీరును అడిగి, మిగిలిపోయిన పొడితో భర్తకు ఉంగరం చేసింది. ఆయన బస్సు డ్రైవరు. మధ్యాహ్నం కునుకు తీస్తుంటే ఉంగరపు వేలికి దారం చుట్టి కొలత తీసుకుంది. కాలి బయటికొచ్చిన ఉంగరం వెంట్రుకవాసి తేడా లేకుండా కుదిరింది.

ఆయన మాత్రం మంగలి షాపులో స్నేహితులకు బాగా కనపడాలని దాన్ని మధ్యవేలికి ఎక్కించాడు. గంటలో, ఇంటికొచ్చేసరికి, వేలు వంకాయలా ఉబ్బింది. సబ్బు, నూనె, ఐసు, ఏదీ పని చేయలేదు. పక్కింటి మెకానిక్ రంపం బ్లేడు తెచ్చాడు.

"అక్కా, బ్లేడు పళ్లు అరిగిపోయాయి."

"ఉంగరం మీద గీత పడిందా?"

"ఒక్కటీ లేదు."

ఆవిడ మొహం వెలిగిపోయింది.

"నా వేలు ఊడేలా ఉంటే నీకు సంబరంగా ఉందా?" అని భర్త లబలబలాడాడు.

వేలు నీలంగా మారడం చూశాక ఆవిడ నవ్వు ఆగిపోయింది. "తమ్ముడూ, ఇది కోస్తే తెగదు. పట్టుకారుతో రెండు వైపులా నొక్కి పగలగొట్టాలి. ఇలా ఇవ్వు," అంది. ముక్కలు ఎగిరి పడతాయని భర్త కళ్లకు తువ్వాలు కట్టి, మెకానిక్ దగ్గరున్న కళ్లద్దాలు తను పెట్టుకుని, కొంచెం కొంచెంగా బిగించింది. ఇన్నేళ్లూ రింగులకు పగులు రాకుండా కాపాడిన చేతులే ఇప్పుడు పగులు కోసం నొక్కాయి. నాలుగో బిగింపుకి టప్పుమంది.

ఆయన వేలు ఊదుకుంటూ కూలబడ్డాడు. ఆవిడ ముక్కలు ఏరి వెలుతురులో పెట్టి చూసింది.

"ఏమండీ, లోపల సూదిబెజ్జమంత ఖాళీ కూడా లేదు!"

"నా వేలు బాగానే ఉంది, అడిగినందుకు సంతోషం," అన్నాడాయన.

ఆవిడ గబగబా వచ్చి ఆ వేలిని చల్లటి నీళ్లలో ముంచి, వాపు తగ్గేదాకా పట్టుకుని కూర్చుంది. సోమవారం ఆ ముక్కలను ఫ్యాక్టరీలో భూతద్దం కింద పెట్టి అందరికీ చూపించింది.