సైదమ్మ ఎవరి మనిషి

నా చిన్నప్పుడు, భవానీపురంలోని మా ఇంట్లో నేను ముట్టుకోకూడని వస్తువు ఒక్కటే ఉండేది: మా తాతయ్య భూతద్దం. బడిపంతులుగా రిటైరయ్యాక ఆయనకు పాత రాళ్ల పిచ్చి పట్టింది. కాలవగట్ల మీద, సత్రాల గోడల మీద, రోడ్డు పక్క నీళ్ల తొట్ల మీద చెక్కిన పేర్లను కాగితం మీదికి ఎక్కించుకుని, ఆ మనుషులెవరో ఊరూరా తిరిగి ఆరా తీసేవారు. రాజుల సంగతి పుస్తకాలు చూసుకుంటాయి, వీళ్ల సంగతి ఎవరు చూస్తారు అనేవారు. ఒకరు చెప్పిన మాటను నోటుపుస్తకంలో పెన్సిల్‌తో రాసేవారు. ఒకరికొకరు తెలియని ఇద్దరు అదే మాట చెబితేనే దాని మీద పెన్నుతో దిద్దేవారు.

ఆ భూతద్దాన్ని ఆయన ఒకరోజు పక్కింటి అక్క చేతిలో పెట్టారు. అక్క వాళ్ల నాన్న దర్జీ. అక్క ఇంటర్ చదివేది, ఉర్దూ కూడా చదవగలదు. ఉర్దూ అక్షరాలున్న ఏదో రాయి కోసం పిలిచిన పిల్ల, ఆ తరవాత రోజూ సాయంత్రం మా వరండాలోనే తేలేది. మా అమ్మ ఆమెకు కూడా ఓ గ్లాసు పాలు ఇచ్చేది. నాకు తొమ్మిదేళ్లు. నేను కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. ఆమె జడ చూసినా మండేది, దస్తూరి చూసినా మండేది. తాతయ్య ఆమెను "అమ్మా" అని పిలిస్తే మరీ మండేది, ఎందుకంటే నన్ను "ఒసేయ్" అనేవారు.

ఆ రోజుల్లో వాళ్లిద్దరూ వెతుకుతున్నది సైదమ్మను. హనుమాన్ జంక్షన్ దాటాక రోడ్డు పక్కన పశువుల కోసం కట్టిన రాతి తొట్టి మీద "సైదమ్మ ధర్మము" అని రెండే మాటలున్నాయి. పేరు చూడగానే తమవాళ్లేనని అక్క తేల్చేసింది. మూడు నెలలు ముస్లిం కుటుంబాల పెద్దలకు ఉత్తరాలు రాసింది. జవాబు ఎక్కడా దొరకలేదు. దొరికిన రోజున, కనుక్కున్నవాళ్ల పేరు ఆ పేజీ పైన రాస్తానని తాతయ్య అన్నారు. ఆ మాట అన్నది అక్క వైపు చూసి.

మర్నాడు నేను తగుదునమ్మా అని వెళ్లి, సైదమ్మ మనవాళ్లే, నాకు నాయనమ్మ చెప్పింది అన్నాను. నాయనమ్మ పోయి అప్పటికి రెండేళ్లు, ఎవరూ వెళ్లి అడగలేరు కదా అని నా ధైర్యం. సైదమ్మ పొడుగ్గా ఉండేదట, పచ్చగా ఉండేదట, ఆవులంటే ప్రాణమట. ఉప్పూ కారం అద్ది చెప్పాను. తాతయ్య కళ్లజోడు పైనుంచి నన్నొకసారి చూసి, పెన్సిల్‌తో రాసుకున్నారు. అక్క మాత్రం సంబరపడిపోయి, ఇంకా ఏం చెప్పిందని అడిగింది. ఆమె సంబరం చూస్తే నాకు ఇంకా ఒళ్లు మండింది.

రెండు వారాలు తిరక్కుండానే, అక్క వాళ్ల నాన్న దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒకామె ఆచూకీ చెప్పింది. ఆ తొట్టి తన తల్లిదే అనే ముసలమ్మ ఒకరు అక్కడికి దగ్గర్లోని పల్లెలో ఉన్నారట. ఆ ఆదివారం ముగ్గురం బస్సెక్కాం.

ముసలమ్మ వసారాలో మినుములు చెరుగుతూ కనిపించింది. వాళ్లది వ్యవసాయం చేసుకునే హిందూ కుటుంబం. దర్గాకు మొక్కుకుంటే పుట్టింది కాబట్టి తల్లికి సైదమ్మ అని పేరు పెట్టారు. ఆ మాట వినగానే అక్క తల కొట్టుకుని, నా మూడు నెలల ఉత్తరాలు కాలవలో కలిసినట్టే అని నవ్వేసింది. నాకు లోపల పండగ. నా అబద్ధమే సగం నిజమైంది కదా.

అప్పుడు తాతయ్య తాపీగా అన్నారు. "మా మనవరాలికి మీ అమ్మగారి సంగతులు తెలుసంటండి. అడగండి."

ముసలమ్మ చేట పక్కన పెట్టేసింది. ఆమె పాలు తాగే పిల్లగా ఉండగానే తల్లి పోయింది. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, ఇంట్లో ఆ పేరు ఎత్తినవాళ్లు లేరు. తల్లి గురించి ఆమెకు తెలిసింది ఊళ్లోవాళ్లు చెప్పిన ఆ మొక్కు సంగతి, ఆ తొట్టి, అంతే. ఇవన్నీ గబగబా చెబుతూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఎట్టా ఉండేదంటమ్మా మా అమ్మ? పొడుగా, పొట్టా? నాకు ఆమె పోలికలేమన్నా వచ్చినయ్యా?"

అని, నేను బాగా చూడటానికి వీలుగా ముఖం నా ముందుకు వంచింది.

పొడుగు, పచ్చన, ఆవులు అన్నీ నాలుక మీదే ఉన్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు. ఏడుపు వచ్చింది. నాకేమీ తెలియదని, అక్క మీద కుళ్లుతో అబద్ధం చెప్పానని వెక్కుతూనే చెప్పేశాను.

ఆమె నా చెయ్యి వెంటనే వదల్లేదు.

"పోన్లేమ్మా," అంది. "ఆ కాస్సేపన్నా మా అమ్మ ఎదురుగా ఉన్నట్టే అనిపించింది."

తిరిగి వచ్చేటప్పుడు అక్క నాకు కిటికీ పక్క సీటు ఇచ్చింది. అబద్ధమెందుకు, ఆ మంచితనానికీ నాకు కాస్త మండింది. బెంజ్ సర్కిల్ దగ్గర బస్సు ఆగినప్పుడు తాతయ్య, "నీకు బుద్ధి చెబుదామనుకున్నాను గానీ ఆవిడ ఏమవుతుందో ఆలోచించలేదు. తప్పు నాదీ ఉందే" అన్నారు. అంత పెద్దాయన అలా అనడం నేను అదే మొదటిసారి వినడం.

ఆ రోజుతో కుళ్లు నన్ను వదిలిపోయిందని చెబితే అది ఇంకో అబద్ధమవుతుంది. ఇప్పుడు నాకూ తల నెరుస్తోంది, ఇప్పటికీ ఎదుటివాళ్లను మెచ్చుకుంటే లోపల ఎక్కడో చిటపటలాడుతుంది. కానీ పోయినవాళ్ల గురించి నాకు తెలియని మాట ఒక్కటి కూడా నా నోట రాదు. అనబోయినప్పుడల్లా ఒక ముసలి ముఖం ముందుకు వంగి, తన తల్లి పోలిక ఎక్కడుందో చెప్పమని నా వంక చూస్తూనే ఉంటుంది.